చర్చి మెట్ల మీద

ఆదివారం, తాండూరు

ఆయన పోయాక మొదటిసారి ఒంటరిగా రైలెక్కి వికారాబాద్ పాత చర్చికి వెళ్ళాను. సెలవు దొరికితే ఇద్దరం బస్సులోనో రైల్లోనో ఏదో ఒక పాత చర్చి చూడటానికి పోయేవాళ్ళం. నేను ప్రార్థన చేసుకుని ముందే బయటికొచ్చి ఇద్దరి చెప్పులకూ కాపలా కూర్చునేదాన్ని. గోడకున్న రాతిపలకల మీది పేర్లన్నీ చదివితే గానీ ఆయన వచ్చేవారు కాదు. రైలు తప్పిపోతుందని ప్రతిసారీ విసుక్కునేదాన్ని.

ఇవాళా అలాగే మెట్ల మీద కూర్చుండిపోయాను. చివరికి వాచ్‌మన్ తాళంచెవులతో వచ్చాడు.

"ఎవలి కోసం చూస్తున్నవమ్మా? లోపల ఎవ్వలు లేరు. తాళమేస్తున్న."

తల దించి చూస్తే నా ముందు ఒక్క జతే ఉంది.

రైలు ఎప్పుడో వెళ్ళిపోయింది. బస్సులో వచ్చాను. ఇన్నేళ్ళలో ఆయన పక్కన నిలబడి ఒక్క పలకైనా చదవలేదు నేను.