షర్బత్ సీసా

యాకూబ్ భాయ్,

ఇవాళ నీ బర్సీ, నువ్వు పోయి ఏడాది. మానుకోట స్టేషన్ రోడ్డులోని నీ పూల్ ఆట పార్లర్‌ను ఇప్పుడు నేనే నడుపుతున్నాను. నీలా బ్రేక్ కొట్టాలని, మొదటి దెబ్బకే పేర్చిన బంతులన్నీ చెదరగొట్టాలని, రోజూ బలమంతా పెడుతున్నాను. పొద్దున అట్లాగే కొడితే తెల్ల బంతి పేర్చిన బంతులను తాకకుండానే బల్ల మీంచి ఎగిరి గుమ్మం దాకా దొర్లింది.

గుమ్మంలో నీ పేరున వండిన తీపి మీఠా గిన్నెతో భాభీ నిలబడి ఉంది. నువ్వున్నన్నాళ్లూ ఈ గడప తొక్కని మనిషి. బంతి తీసుకుని లోపలికొచ్చింది.

"గింత జోరెందుకు తమ్మీ? నీ కర్ర సక్కగ పోతలేదు," అంది.

బంతిని బల్ల మీద పెట్టి, నా చేతిలోని కర్ర అందుకుని, బుర్ఖా చేయి పైకి మడిచి, వంగి కొట్టింది. దెబ్బ మెల్లగానే పడింది. పేర్చిన బంతులన్నీ నలుదిక్కులా చెదిరిపోయాయి. తెల్ల బంతి మాత్రం బల్ల నడుమ ఆగింది, నువ్వు కొడితే ఆగినట్టే.

"భాయ్ నేర్పిండా భాభీ?" అని అడిగాను.

"ఇంట్ల ఖాళీ షర్బత్ సీస పండవెట్టి, అంచు తగలకుండ దాని మూతిలకు కర్ర పోనిచ్చెటోళ్లం. మీ భాయ్‌ది ఎప్పుడూ తగిలేది. నాది తగల్లే. నన్ను జూసే దిద్దుకున్నడు."

ఇంత మాట నాకు ఒక్కసారైనా చెప్పలేదేం భాయ్?

రేపు ఆ సీసా తెస్తానని చెప్పి భాభీ వెళ్లింది. తెల్ల బంతి ఆగినచోటే ఉంది. తీయడానికి నాకు చెయ్యి రావడం లేదు.