ఇనుప పొట్టేలు పడింది

కొత్తపేట, మంగళవారం

మామ్మకి మెర్సీ వందనాలు. ఫోనులో నీకు వినపడదు కనుక కార్డు రాస్తున్నాను. తమ్ముడి చేత గట్టిగా చదివించుకో.

అమలాపురం రైఫిల్ పోటీలో నేనే గెలిచాను! బెంగపడకు, కాల్చింది ప్రాణమున్న వాటిని కాదు. ఇనుప కోళ్ళు, పందులు, పొట్టేళ్ళు. తూటా తగిలితే ఠంగుమని పడతాయి. చివరికి నేనూ, రాజోలు విశ్వనాథ్ గారూ సమానంగా నిలిచాం. మిగిలింది చెరొక పొట్టేలు. ఆయన తూటా పక్కనుంచి పోయింది. నా వంతు రాగానే, హైదరాబాదు నుంచి వచ్చిన రిఫరీ "రెడీయేనా?" అన్నారు. నువ్వు నేర్పిన మర్యాదే కదా, "ఆయ్" అన్నాను. కసిరాననుకున్నారు మామ్మా! "నన్నే ఆయ్ అంటావా? తీసేస్తా పోటీలోంచి!" అని మండిపడ్డారు. విశ్వనాథ్ గారే అడ్డుపడి, "కసరలేదండీ, మా వైపు ఆయ్ అంటే అవునండీ, సరేనండీ అని" అంటూ నవ్వేరు. నేనూ నవ్వేసి, గురి చూసి కాల్చాను. పొట్టేలు వెల్లకిలా పడింది. "గెలిచానాండీ?" అంటే రిఫరీ గారు "ఆయ్!" అన్నారు.

వాకిట్లో చెయ్యి చాచి నీళ్ళ సీసా పట్టుకుని నిలబడితే పిచ్చిదన్నావే, తుపాకీ కదలకుండా పట్టే సాధనే అది!

మన పెట్ట పొదిగే గుడ్లు పిల్లలయ్యాయా? తమ్ముడి చేత ఎండు రొయ్యలు పంపు. చర్చిలో నా గెలుపు గురించి సాక్ష్యం చెబితే పొట్టేలు ఇనుపదని తప్పకుండా చెప్పు.

వచ్చే నెల విశాఖలో పెద్ద పోటీ. వెళ్ళమంటావా? నా మాట నీకు వినపడదు గానీ నీ మాట నాకు వినపడుతుంది. ఫోను తీసి "ఆయ్" అను, చాలు.

నీ మెర్సీ