మూడో మెట్టు నుంచి ఏడో మెట్టుకి

పట్టిసీమ,
కార్తీక శుద్ధ దశమి.

పూజ్యులైన మీకు మీ పాపాయమ్మ నమస్కరించి రాసేది. ఇక్కడ మావయ్య గారు, అత్తయ్య గారు, నేను అందరం కులాసా. రాజమహేంద్రవరంలో మీరూ కులాసాగానే ఉన్నారనుకుందామంటే మొన్నటి మీ ఉత్తరం అడ్డొస్తోంది.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. ఎర్రావు ఈనింది, పెయ్యదూడ. మావయ్య గారికి దగ్గు తగ్గింది, చుట్ట మాత్రం తగ్గలేదు. మాగాయ జాడీ పడవ పోతురాజు చేత పంపుతున్నాను. క్రితంసారిలా గదిలో వాళ్ళందరికీ పంచేసి, రుచి ఎలా ఉందో తెలీలేదని రాయకండి.

ఇక అసలు సంగతి. శ్రేఢి లెక్కలు తలకెక్కడం లేదనీ, పంతులు ట్రైనింగు మానేసి వచ్చి పొలం చూసుకుంటాననీ రాశారు. చదివి నాకు కోపం వచ్చింది. గట్టు మీద నాలుగడుగులు వేస్తే జారిపడే మనిషి పొలమేం చూస్తారు? అక్షరం ముక్క రాని నాకు వంటింటి గోడ మీద బొగ్గుతో రాసి చదువూ లెక్కలూ నేర్పింది మీరు కాదూ? నేను ఎన్ని తప్పులు చేసినా ఒక్కనాడూ విసుక్కోలేదు. మీ మీద మీకే ఇంత విసుగేమిటి?

మీరు తప్పిన లెక్క నేనూ వేసి చూశాను. పదం పదానికీ ఒకటే పెంపు. మూడో పదం పదకొండు, ఏడో పదం ఇరవై ఏడు అయితే పదో పదం ఎంత, అని కదా. మూడు నుంచి ఏడు దాకా వేళ్ళు మడిచి ఐదన్నారు. పదహారుని ఐదుతో భాగిస్తే తెగలేదని దిగులుపడి కూర్చున్నారు. నాకూ మొదట ఐదే వచ్చింది. మర్నాడు కార్తీక స్నానం చేసి, అత్తయ్య గారి చెయ్యి పట్టుకుని రేవు ఎక్కుతూ మూడో మెట్టు మీద ఆగాను. మళ్ళీ ఏడో మెట్టు మీద ఆగాను. మధ్యలో నేను కాలెత్తింది నాలుగుసార్లే. మెట్లు ఐదు, ఎక్కడం నాలుగు. పదహారుని నాలుగుతో భాగిస్తే పెంపు నాలుగు. ఏడు నుంచి పదికి ఇంకో మూడుసార్లు ఎక్కాలి, దానికి పన్నెండు. ఇరవై ఏడూ పన్నెండూ ముప్ఫై తొమ్మిది. సరేనా పంతులు గారూ?

నిలబడ్డ మెట్టుని కూడా ఎక్కినట్టు లెక్కేస్తున్నారు, అంతే. ఈ మాత్రం దానికి చదువు మానేస్తారా?

పరుగున మెట్లెక్కే దాన్ని, రెండుచోట్ల ఎందుకు ఆగానో మీకు అనుమానం రాలేదా? ఆయాసం వచ్చి ఆగానండి. నాకిప్పుడు ఐదో నెల.

ఇన్నాళ్ళూ ఏ ఉత్తరంలోనూ ఈ మాట రాయలేదు. పోయినసారి మూడో నెలలోనే చేజారింది కదా. అప్పుడు మీరు దొడ్లోకి వెళ్ళి ఒక్కరే ఏడవడం నేను చూశాను. మళ్ళీ ఆశపెట్టి ఏడిపించలేక ఊరుకున్నాను. అత్తయ్య గారు కూడా, "ఇప్పుడే వాడికి రాయకమ్మా, పుస్తకాలు గోదాట్లో పడేసి వచ్చేత్తాడు" అన్నారు. కానీ నిన్న కడుపులో కదిలింది. అది మీకు చెప్పకుండా ఉండటం నా వల్ల కాలేదు.

మీరు ఇప్పుడే రావద్దు. రావాలని నాకెంత ఉందో దాచను, అయినా వద్దు. మాఘంలో పరీక్ష రాసి రండి. పురిటికి మా అమ్మ పోలవరం తీసుకెళ్తానంటోంది, అక్కడికే వచ్చేయండి. నెప్పులప్పుడు వాకిట్లో మీ గొంతు వినిపిస్తే చాలు, నాకు భయం ఉండదు.

ఐదో నెల నుంచి తొమ్మిదో నెలకి ఎన్నాళ్ళుందో మాత్రం వేళ్ళు మడిచి చూసుకోకండి. మీ లెక్కకి ఐదు వస్తుంది. తీరిగ్గా బయల్దేరి మీరొచ్చేసరికి బిడ్డ ఉయ్యాల్లో ఉంటుంది. నాలుగేనండి.

ఇట్లు,
మీ రాక కోసం చూసే మీ ఇల్లాలు
పాపాయమ్మ