కిటికీకి కట్టిన ఫ్లెక్సీ

ముక్తేశ్వరం, సోమవారం

యువజన సంఘం అధ్యక్షుడు చరణ్‌కి,

నువ్వు వెలుతురు దొంగవి. నీ పుట్టినరోజు ఫ్లెక్సీ తెచ్చి మా పఠనమందిరానికున్న ఒక్క కిటికీకీ అడ్డంగా కట్టించేవు. ఇంట్లో చోటు లేక కొండయ్య కూతురు సత్యశ్రీ ఇక్కడే గ్రూప్-2 పరీక్షకి చదువుకుంటోంది. పట్టపగలు ఆ పిల్ల పుస్తకం పట్టుకుని గుమ్మంలో కూర్చోవాలా? ఇదేనా మీరు ఊరికి చేసే సేవ?

ఇట్లు,
కేశవరావు, పఠనమందిరం కార్యదర్శి

తా.క. ఫ్లెక్సీలో ఇరవైమందికి నల్లకళ్లద్దాలున్నాయి. మా వెలుతురంతా అక్కడికే వెళ్లినట్టుంది.

*

మంగళవారం

గౌరవనీయులైన మాస్టారు గారికి చరణ్ నమస్కారాలు.

ఆయ్, తప్పు మాదేనండి. మీ ఫొటో వెయ్యలేదని ఇంత బాధపడతారనుకోలేదండి. మొన్న సర్పంచ్ సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు కూడా ఇలాగే తిట్టేరండి, ఫొటో వేసేక టీ ఇచ్చేరు. పాతది తీసేసి, మీ బొమ్మతో ఇంకా పెద్దది కట్టేమండి.

మీ విధేయుడు,
చరణ్

తా.క. జెరాక్సు షాపులో మీ ఆధార్ కాపీ ఉంటే అందులోంచి తీసేమండి. అందులో మీరు కోపంగా పడ్డారని మీక్కూడా కళ్లద్దాలు పెట్టించేం.

*

బుధవారం

చరణ్,

నిన్నటిదాకా కిటికీ ఒక్కటే పోయింది, ఇవాళ సగం గుమ్మం కూడా పోయింది. నా మొహం ఎవడిక్కావాలి? ఈ ఊరు చూసి గర్వపడాల్సిన మనిషి ఎవరైనా ఉంటే ఆ సత్యశ్రీ. అది మీ బుర్రలకి ఎప్పటికి ఎక్కుతుంది?

కేశవరావు

తా.క. మా ఆవిడ విజయదుర్గ మాత్రం కళ్లద్దాలు బాగున్నాయంది. నాకు ఇంట్లో కూడా మద్దతు లేదు.

*

శుక్రవారం

మాస్టారు గారికి,

ఎక్కిందండి. స్కూలు గ్రూపు ఫొటోలోంచి సత్యశ్రీ గారి బొమ్మ తీసి, మా ముప్ఫైమందికీ మధ్యలో వేసేమండి. ‘మా ఊరి గర్వం’ అని రాయించి సెంటర్లో కట్టేం. కిటికీ ఖాళీ చేసేమండి.

చరణ్

తా.క. ఇప్పుడు లోపలికి వెలుతురు బ్రహ్మాండంగా వస్తోందండి. ఎవరూ రావట్లేదేంటండి?

*

ఆదివారం

చరణ్,

ముప్ఫైమంది మగపిల్లల మధ్య కూతురి మొహం కొండయ్య చూసేడు. నేను వాళ్లింటికి వెళ్తే ‘‘చదువుకోడానికి పంపితే ఇదా మాస్టారూ?’’ అన్నాడు. నేను ఉపన్యాసం మొదలుపెట్టేను. పిల్లని ఇంక ఎక్కడికీ పంపనని ఆయన తలుపేసేడు. ‘‘పరీక్ష ఇంక ఇరవై రోజులేనండి’’ అని లోపలినుంచి సత్యశ్రీ గొంతు వినిపించింది.

నువ్వు అడక్కుండా ఫొటో వేసేవు. నేను అడక్కుండా ఆ పిల్ల పేరు నా ఉత్తరాల్లో వేసేను. మనిద్దరికీ తేడా లేదు.

నా డిమాండ్లు:

1. ఆ ఫ్లెక్సీ ఈ సాయంత్రానికల్లా దించాలి.
2. మనిద్దరం కొండయ్య గుమ్మంలో నిలబడి తప్పు మనదని చెప్పాలి. నువ్వే మాట్లాడాలి, నేను నోరెత్తకూడదు.
3. ఏ ఆడపిల్ల పేరైనా, బొమ్మైనా తనని అడక్కుండా ఎవరూ వాడకూడదు. నేను కూడా.
4. సత్యశ్రీని పరీక్షకి పంపాలి. ఇది ఎవరికి రాయాలో తెలియక నీకే రాస్తున్నాను.

కేశవరావు