చెల్లెలి అండం

ఏలూరు,
28 అక్టోబర్ 2007, ఆదివారం.

చెల్లి బిందుకి,

మీ అక్క దీవెనలు. ఇక్కడ మీ బావగారు, నేను దేవుని దయవల్ల క్షేమంగా ఉన్నాం. ఈ మాట ఈసారి అలవాటు కొద్దీ రాసింది కాదు. అక్కడ నువ్వు, మరిదిగారు, పిల్లలిద్దరూ కులాసాగా ఉన్నారని నమ్ముతున్నాను. రాయపూర్‌లో అప్పుడే చలి మొదలైందని రాశావు. చిన్నవాడికి జలుబు చేస్తే ఒక పట్టాన తగ్గదు కదా, పడుకునేటప్పుడు చెవులకు గుడ్డ కట్టు.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రెండుసార్లు కాగితం తీసి, తేదీ వేసి, మళ్ళీ మడిచి పెట్టేశాను. ఈరోజు చర్చి నుంచి వచ్చాక మీ బావగారు చేపపిల్లల హేచరీకి వెళ్ళారు. కొల్లేరులో గవర్నమెంటు వాళ్ళు చేపల చెరువులు కొట్టేశాక హేచరీలో పని తగ్గింది కానీ ఆయనకు ఆదివారం కూడా ఒకసారి వెళ్ళి చూసి రాకపోతే తోచదు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయలేనని కూర్చున్నాను. ఫోన్లో చెప్పొచ్చు కదా అంటావు. నీ గొంతు వింటే నాకు చెప్పాల్సిన మాట నోటికి రాదు.

ముందు నువ్వడిగిన వాటికి జవాబులు. అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. పోయిన గురువారం కామవరపుకోటలో తనే బస్సెక్కి వచ్చింది. తాడేపల్లిగూడెంలో మా అత్తయ్యగారికి మన సంగతి తెలుసా అన్నావు. తెలియదు, తెలియనివ్వం కూడా. కోడలు మందులు వాడుతోందన్నంత వరకే ఆవిడకు తెలుసు. బావగారు నీ ఫోన్ ఎందుకు ఎత్తడం లేదని అడిగావు. దానికి జవాబుంది, కాస్త ఆగి రాస్తాను.

నువ్వు మరీ మరీ అడిగింది ఒక్కటే. "నేనేం తప్పు చేశానక్కా? నన్ను రైలెక్కించడానికి కూడా ఎందుకు రాలేదు?" అని. నువ్వు ఏ తప్పూ చెయ్యలేదు బిందూ. నాకు నీ మీద అసూయ. చిన్నప్పుడు రిబ్బన్ల కోసం దెబ్బలాడుకున్నామే, అలాంటిది అనుకోకు. ఇది అన్నం సహించనివ్వని అసూయ.

ముప్ఫై రెండేళ్ళకే నాకు నెలసరి ఆగిపోతే, విజయవాడ డాక్టరమ్మగారు స్కానింగ్ చూసి ఏమన్నారో నీకు చెప్పాను. "అండాశయంలో అండాలు అయిపోయాయమ్మా. గర్భసంచి మాత్రం బావుంది. ఎవరి అండమైనా తీసుకుంటే నువ్వు మోయగలవు" అన్నారు. నేను ఇంటర్ పిల్లలకు ఏటా బోర్డు మీద బొమ్మగీసి చెప్పే పాఠమే అది. ఆడపిల్ల ఇంకా తల్లి కడుపులో ఉండగానే దాని జన్మకు సరిపడా అండాలన్నీ తయారైపోతాయి. పుట్టాక కొత్తవి రావు, ఉన్నవి తరగడమే. కొందరికి నిదానంగా, కొందరికి తొందరగా. అన్నేళ్ళు చెప్పినా ఆ 'కొందరికి' అన్న మాటలో నేనుంటానని ఎప్పుడూ అనుకోలేదు.

నేను అడగకుండానే "నావి ఇస్తానక్కా" అన్నావు. మరిదిగారిని ఒప్పించి, పిల్లల్ని మీ ఆడపడుచుకి అప్పగించి, జూన్ నెలాఖర్లో వచ్చావు. స్టేషన్లో నిన్ను పట్టుకుని ఏడ్చాను. ఆ ఏడుపు అంతా సంతోషమే అనుకున్నావు నువ్వు.

సాయంత్రాలు మీ బావగారు నిన్ను ఇంజెక్షన్‌కి స్కూటర్ మీద తీసుకెళ్ళేవారు. నేను వరండాలో పేపర్లు దిద్దుతున్నట్టు కూర్చునేదాన్ని. తిరిగొస్తూ బత్తాయిలు తెచ్చేవారు. ఆ మనిషి ఎవరికైనా బత్తాయి ఒలిచి పెట్టడం నేను అప్పుడే చూశాను. తొనలు తీసి, గింజలేరి, పళ్ళెంలో పెట్టి "బిందూ, తినమ్మా, నీరసం వస్తుంది" అనేవారు. మంచి మనిషి కాబట్టి చేశారు. ఇంకెవరైనా అయితే నేనే మెచ్చుకునేదాన్ని.

ఒకరోజు పొద్దున్నే హేచరీ చూస్తానని నువ్వు ముచ్చటపడ్డావు. ముగ్గురం వెళ్ళాం. రాత్రి ఇంజెక్షన్లు చేసిన శీలావతి చేపలు తెల్లవారుజామున గుడ్లు పెట్టేశాయి. గుండ్రటి తొట్టిలో నీళ్ళు తిరుగుతుంటే ఉడికిన సగ్గుబియ్యంలా లక్షల గుడ్లు కూడా తిరుగుతున్నాయి. మీ బావగారు ఒక తల్లి చేపను వలలోకి తీసి నీకు చూపించారు. "దీనికి వచ్చే ఏడు వానలకి మళ్ళీ కొత్త గుడ్లు తయారవుతాయి బిందూ. మనుషుల్లా కాదు, దీనికి అయిపోవడం అనేది ఉండదు" అన్నారు. నీకు వివరించడంలో పడి పక్కన నేనున్న సంగతి ఆయనకు తట్టలేదు. నాకు ఆ చేప మీద కూడా కుళ్ళు పుట్టింది.

అప్పుడే వీరాస్వామి వచ్చాడు. కొల్లేటికోట మనిషి, పనిలో కొత్తగా చేరాడు, మనల్ని ఎప్పుడూ చూడలేదు. ఇంజెక్షన్ల వల్ల నీ పొట్ట ఉబ్బి ఉంది. తడి గట్టు మీద జారకుండా మీ బావగారు నీ చెయ్యి పట్టుకున్నారు. అతను నన్ను పక్కకు పిలిచి, ఎంతో మర్యాదగా, "మేడంగారండీ, మా సార్‌గారి ఆవిడగారికి ఇశేషమాండీ?" అని అడిగాడు.

నీకు వినబడి పగలబడి నవ్వావు. "అయ్యో, నేను కాదండీ, అమ్మగారు ఆవిడ! నేను మరదల్ని" అన్నావు. అతను నాలిక్కరుచుకున్నాడు. మీ బావగారూ నవ్వారు. నేనూ నవ్వాననుకున్నారు మీరు. దారి పొడుగునా నా తలలో ఒక్కటే మాట తిరిగింది. వాడు తప్పేమన్నాడు? పుట్టబోయే బిడ్డకు తండ్రి ఆయన, అండం నీది. బిడ్డ మీ ఇద్దరిది. నేను మధ్యలో నీళ్ళ తొట్టిని.

నీ నుంచి అండాలు తీసిన రోజు విజయవాడ ఆసుపత్రిలో నువ్వు మత్తులో ఉన్నావు. నర్సు బయటికొచ్చి "చాలా వచ్చాయండీ, అన్నీ మంచివే" అంది. మీ బావగారి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లోపలికెళ్ళి నీ మంచం పక్కన కూర్చుని, నువ్వు లేచేదాకా నీ తల నిమురుతూనే ఉన్నారు. నేను గుమ్మంలో నిలబడ్డాను. నాకు ఆ వార్త చెప్పినప్పుడు, అంటే నావి అయిపోయాయని చెప్పినప్పుడు, ఆయన బయట మందుల షాపులో ఉన్నారు.

ఇక ఆ మర్నాటి సంగతి. నువ్వు జడ వేసుకుంటూ సరదాకే అన్నావు, "దానికి నా గిరజాల జుట్టు రాకూడదని ప్రార్థన చెయ్యక్కా, దువ్వలేక చస్తావు" అని. నేను పళ్ళెం గట్టుమీద విసిరి, "ఇంకా పిండం కూడా కట్టలేదు, అప్పుడే నీ వాటా రాయించుకుంటున్నావా?" అన్నాను. నీ ముఖం పాలిపోయింది. సాయంత్రం బండికే బయల్దేరావు. కడుపులో నొప్పి ఇంకా తగ్గలేదు నీకు. నేను తలుపేసుకుని పడుకున్నాను. మీ బావగారే వచ్చి ఎక్కించారు.

ఇంతవరకూ నీకు తెలిసిందే. ఇప్పుడు తెలియనిది రాస్తాను, కాస్త స్థిమితంగా కూర్చుని చదువు.

జూలైలో పిండాన్ని నా గర్భసంచిలో పెట్టాక, నువ్వు ఫోన్ చేసి "ఏమైందక్కా" అని అడిగావు. "ఈసారికి కుదర్లేదే" అన్నాను. అది అబద్ధం. కుదిరింది. నాకిప్పుడు నాలుగో నెల దాటింది. స్కానింగ్‌లో గుండె కొట్టుకోవడం విన్నాను. డాక్టరమ్మగారు అంతా బావుందన్నారు.

ఎందుకు దాచానంటే, అది కాసేపైనా నాదిగా ఉండాలని. నీకు చెబితే నువ్వు సంతోషంతో గంతులేస్తావు, నీ సంతోషం నా దానికంటే పెద్దదైపోతుంది, బిడ్డ అటు వెళ్ళిపోతుంది అనిపించింది. ఇలా రాస్తుంటే పిచ్చిమాటలా ఉంది. అప్పుడు పిచ్చిగా అనిపించలేదు. మీ బావగారు మొదటిరోజే "పాపం కదా సిల్వియా, ఆ పిల్లకు అబద్ధం చెప్పొచ్చా?" అన్నారు. నేను చెప్పనివ్వలేదు. నీతో అబద్ధమాడలేక ఆయన నీ ఫోన్ ఎత్తడం మానేశారు. అదీ జవాబు.

ఇలాగే ఇంకెంత కాలం ఉండేదాన్నో తెలియదు. గురువారం అమ్మ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విప్పుతూనే నన్ను ఎగాదిగా చూసింది.

"ఎన్నో నెలే?" అంది.

దాచి లాభం లేదు. చెప్పాను. అమ్మ నన్ను దగ్గరకు తీసుకుని కాసేపు ప్రార్థన చేసింది. కళ్ళు తుడుచుకుని "చెల్లికి చెప్పేవా?" అంది.

"లేదు."

"లేదంటే? అది నాకు ఫోన్ చేసి ఏడిసిందే! శుక్రవారాలు ఉపాసం ఉంటందంట నీ కోసం. డిసెంబర్లో మళ్ళీ వచ్చి ఆ సూదులు పొడిపించుకుంటానని వాళ్ళాయన్తో దెబ్బలాడతందంట. ఆ అబ్బాయి వద్దంటన్నాడంట. నువ్విక్కడ చింతకాయ పచ్చడేసుకుని అన్నం తింటన్నావా?"

నాకు కోపమొచ్చింది. నా బాధ ఎవరికీ పట్టదా అనిపించింది. "అమ్మా, నీకు తెలీదు. ఈ బిడ్డ దాని అండంతో కట్టింది. ఆయనదీ, దానిదీ. నాదేం లేదు ఇందులో" అని అరిచాను.

అమ్మ నేను మతి పోయి మాట్లాడుతున్నట్టు చూసింది. "దానిదైతే ఏంటే? అదెక్కణ్ణించి వచ్చింది, కొట్లో కొన్నానా? నువ్వొచ్చిన కడుపులోంచే వచ్చింది" అని, కూర తరగడానికి వెళ్ళిపోయింది.

అమ్మ తనకు తెలియకుండానే నా పాఠం నాకే చెప్పింది. ఆలోచించి చూస్తే నిజం. నువ్వు అమ్మ కడుపులో అయిదో నెల పిండంగా ఉన్నప్పుడే ఈ అండం నీలో తయారైంది. అప్పుడు నాకు మూడేళ్ళు. ఆ పొట్టకు తల ఆనించి పడుకునేదాన్నని, పక్కకి తీస్తే ఊరుకునేదాన్ని కాదని అమ్మే ఎన్నోసార్లు చెప్పింది. అంటే ఈ బిడ్డకు మూలమైన కణానికి ఒక చర్మం అవతల నేనున్నాను. ఆ రోజంతా ఈ ఆలోచన నాకు తేనె పూసినట్టుంది. తెల్లవారేసరికి మళ్ళీ కుళ్ళు మొదలైంది. అమ్మ కడుపులో నా అండాలు కూడా తయారయ్యాయి కదా, నీవి మిగిలి నావే ఎందుకు పోవాలి అని. ఆ కుళ్ళు పోయిందని నీకు అబద్ధం రాయను. బహుశా పోదు కూడా. నీ పిల్లల ఫొటో చూస్తే వస్తుంది, బత్తాయి చూస్తే వస్తుంది.

కానీ నువ్వు ఖాళీ కడుపుతో నాకోసం ప్రార్థిస్తుంటే, కడుపు నిండుగా నేను ఇక్కడ నోరు మూసుకుని కూర్చోవడం నావల్ల కాదు. అందుకే రాస్తున్నాను. డిసెంబర్లో సూదులకి రావద్దు. మరిదిగారికి చెప్పు, మీరే గెలిచారని. ఉపవాసాలు ఈ శుక్రవారం నుంచి మానెయ్. ఇది చదివాక నువ్వు నన్ను తిడితే తిట్టు, కొన్నాళ్ళు మాట్లాడకపోతే మాట్లాడకు. నేను చేసిన దానికి అది తక్కువే. మీ బావగారికి మాత్రం ఫోన్ చెయ్యి. ఈసారి మొదటి రింగుకే ఎత్తుతారు.

మార్చి నెలాఖరుకి కాన్పు అన్నారు. పిల్లలకు బడి ఉంటుందని తెలుసు, అయినా నువ్వు రావాలి. అమ్మ ఒక్కతే చేసుకోలేదు. నువ్వుంటే నాకు ధైర్యం. ఒక్కటి మాత్రం ముందే అడుగుతున్నాను, చిన్నబుచ్చుకోకు. నర్సు బిడ్డను బయటికి తెచ్చినప్పుడు నువ్వు గుమ్మంలోనే ఉంటావు, చేతులు చాస్తావు, నాకు తెలుసు. చాచకు. ముందు నా దగ్గరకు తెమ్మను. నేను దాని ముఖం కళ్ళారా చూసుకున్నాక, ఎంతసేపు పడితే అంతసేపు చూసుకున్నాక, నేనే నిన్ను పిలిచి నీ చేతుల్లో పెడతాను. అప్పుడు నువ్వు ఎవరి పోలికైనా చెప్పుకో. నీ పోలికే అని నువ్వన్నా వింటాను.

పిల్లలకు నా ముద్దులు. మరిదిగారికి మా ఇద్దరి వందనాలు.

ఇట్లు,
నీ మీద కుళ్ళు ఇంకా చావని,
నీ రాక కోసం మార్చి దాకా ఎదురుచూసే
మీ అక్క
సిల్వియా