ఒంటిగంటన్నర నీళ్ళు

ఆదివారం, జనవరి 19

ప్రియమైన మేస్త్రికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెట్టబోయి ఆగిపోయాను. నువ్వూ, మీ నాన్నగారూ, మీ రిపేరు దుకాణమూ కులాసా అనుకుంటున్నాను. మా ఇంటి కుశలం సగమే. పద్నాలుగు నెలలుగా మనకు మాటల్లేవు. కవరు మీద నా చేతిరాత చూసి విప్పకుండా పక్కన పడేస్తావేమోనని భయంగా ఉంది. నిన్ను మేస్త్రీ అని పిలిచే హక్కు నాకింకా ఉందో లేదో తెలియదు. ఇంకోలా పిలవడం మాత్రం చేతకావడం లేదు.

కరెంటు పొదుపు శిక్షణ చివరి వారం గుర్తుందా? హీటర్ టైమర్ పాఠం. అరచేతి వెడల్పు చక్రం, దాని చుట్టూ చిన్న చిన్న పళ్ళు, ఒక్కో పన్ను పావుగంట. నీళ్ళు ఏ వేళకు కాగాలో ఆ వేళ పళ్ళు నొక్కిపెడితే చాలు, మిగతా రోజంతా హీటర్ నిద్రపోతుందని సారు చెప్పారు. నువ్వు చెయ్యెత్తి, కరెంటు పోతే ఈ చక్రం కూడా ఆగిపోతుంది కదా సార్, మళ్ళీ వచ్చాక ఆగిన చోటి నుంచేగా తిరుగుతుంది అని అడిగావు. పోయినప్పుడు చూద్దాంలేమ్మా అన్నారు సారు. క్లాసంతా నవ్వింది. అందరికంటే గట్టిగా నేను నవ్వాను. అక్కడితో ఆగానా? పుస్తకంలో లేని భయాలు స్క్రూడ్రైవర్ పట్టుకు తిరిగేవాళ్ళకే వస్తాయే అన్నాను. మర్నాటి నుంచి నువ్వు రాలేదు.

మా ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి మనిషిని నేను. అచ్చులో ఉన్నదానికి తిరుగుండదని నా నమ్మకం. పైగా ఆ శిక్షణ కేంద్రం వెనకాల జనరేటర్ ఉండేది. అక్కడ కరెంటు పోవడం నేనెన్నడూ చూడలేదు. మా వీధిలో రోజూ పదకొండు నుంచి పన్నెండు దాకా పోతుందని తెలుసు. తెలిసి కూడా ఈ రెండిటినీ కలిపి ఆలోచించలేదు.

తర్వాత జరిగింది నీకు తెలియదు కాబట్టి మొదటి నుంచీ చెబుతాను.

అమ్మ చేపల కోల్డ్ స్టోరేజీలో పనిచేసేది కదా. తెల్లారకముందే వెళ్ళి, గడ్డకట్టిన చేపల్ని సైజులవారీగా పెట్టెల్లో సర్ది, ఒంటిగంటన్నరకు ఇంటికొచ్చేది. అప్పటికే వేళ్ళు తిమ్మిరెక్కి ఉండేవి. ఇంటికి రాగానే వేడి నీళ్ళలో పావుగంట చేతులు పెట్టాలనీ, అశ్రద్ధ చేస్తే వేళ్ళలో స్పర్శ పోతుందనీ డాక్టరమ్మ ముందే చెప్పింది. మా హీటర్ పాతది. ట్యాంకు చుట్టూ ఉండే పొర ఎప్పుడో ఊడిపోయింది, కాగిన నీళ్ళు నాలుగు గంటలకే చల్లబడిపోతాయి. అందుకని రోజంతా వేసే ఉంచేవాళ్ళం. నాకు చిన్నప్పటి నుంచీ చన్నీళ్ళే అలవాటు. అంటే అమ్మ చేతులు పావుగంట తడవడానికి ఆ హీటర్ ఇరవై నాలుగు గంటలూ కాలేది.

శిక్షణ అయ్యాక, టైమర్లు బిగించే ఉద్యోగం ఇవ్వాలంటే ముందు ఒక ఇంట్లో బిగించి, రెండు నెలల యూనిట్లు చూపించమన్నారు. మా ఇల్లే చూపించాను. పన్నెండున్నర నుంచి ఒంటిగంటన్నర దాకా పళ్ళు నొక్కి, దీని మీద చెయ్యి వేశావంటే నా లెక్క చెడుతుందమ్మా అని గట్టిగా చెప్పాను. అమ్మ ఆ డబ్బా వైపు దేవుడి పటాన్ని చూసినట్టు చూసి సరేనంది.

యూనిట్లు సగానికి తగ్గుతాయని పుస్తకం చెప్పింది. పావు వంతుకు పడిపోయాయి. నా అంత గొప్పగా ఎవరూ బిగించలేదనుకున్నాను. తనిఖీ రోజున సూపర్‌వైజరు ఒంటిగంటన్నరకు వచ్చి కుళాయి తిప్పితే నీళ్ళు పొగలు కక్కాయి. రోజూ ఇలాగే వస్తాయామ్మా అని అడిగాడు. రోజూ ఇంతే బాబూ, గడియారం తప్పినా మా పిల్ల తప్పదు అంది అమ్మ. ఆయన నవ్వి సంతకం పెట్టాడు. ఆ తర్వాత ముప్పై ఏడు ఇళ్ళకు నా చేత్తో బిగించాను. చాలా ఇళ్ళలో యూనిట్లు పుస్తకంలో ఉన్నదానికంటే ఎక్కువే తగ్గాయి.

పోయిన నెల ఒక సాయంత్రం ఇంటికొచ్చేసరికి అమ్మ కుడిచెయ్యి బకెట్‌లో పెట్టుకుని కూర్చుంది. వేళ్ళు మరీ బిగుసుకుపోయాయని ఆ రోజు స్టవ్ మీద నీళ్ళు కాచుకుని, చాలా వేడెక్కాయా అని వేళ్ళు ముంచి చూసిందట. ఏమీ తెలియలేదట. ఇంకా కాగనిచ్చి మళ్ళీ ముంచిందట. తోలు ఊడి వచ్చింది. అబ్బే, నొప్పేం లేదే అంది. నిజంగానే నొప్పి లేదు మేస్త్రీ.

మర్నాడు సెలవు పెట్టాను. ఒంటిగంటన్నరకు అమ్మ రెండో చేతికైనా వేడి నీళ్ళు పడదామని కుళాయి తిప్పితే మంచులా ఉన్నాయి. టైమర్ మూత తీశాను. గోడ గడియారంలో ఒంటిగంటన్నర. చక్రంలో పొద్దున్న ఏడున్నర.

నీ ప్రశ్న అప్పుడు అర్థమైంది. రోజుకో గంట కరెంటు కోత, రోజుకో గంట వెనక. మొదటి రోజు రెండున్నరకు కాగి ఉంటాయి, మర్నాడు మూడున్నరకు. పన్నెండో రోజుకు అర్ధరాత్రి, ఊరంతా పడుకున్నాక. ఇరవై నాలుగు రోజులకు ఒకసారి మాత్రం సరైన వేళకు. కాగే వేళ ఎవరూ కుళాయి తిప్పక, ట్యాంకులోకి కొత్త నీళ్ళు రాకపోతే, ఒకసారి కాగాక హీటర్‌కు కాచే పనేముంటుంది? పుస్తకం చెప్పినదాని కంటే నేను ఎక్కువ మిగిల్చిన యూనిట్లు, నన్ను అందరి ముందూ మెచ్చుకున్న యూనిట్లు, అమ్మ చన్నీళ్ళలో పెట్టిన చేతులు.

సూపర్‌వైజరుకు చెప్పాను. యూనిట్లు తగ్గాయా లేదా అన్నాడు. తగ్గాయి సార్ అన్నాను. మరి ఏడుపెందుకమ్మా, వచ్చే నెల ఆరువందల ఇళ్ళకు ఇవే బిగించాలి, సరుకు దిగిపోయింది అన్నాడు. కరెంటు పోయినా చక్రం ఆగని, బ్యాటరీ ఉన్నవి కావాలని రాసి ఇచ్చాను. ఆ కాగితం ఆయన టేబుల్ మీద టీ గ్లాసు కింద ఉంది, నిన్న కూడా చూశాను.

సెలవు దొరికినప్పుడల్లా నేనే ఇళ్ళకు వెళ్తున్నాను. పదకొండు ఇళ్ళు అయ్యాయి. ఒకావిడ, మా ఆయన స్నానమే మానేశాడమ్మా, నీకు యూనిట్లు బాగా కలిసొచ్చి ఉంటాయే అని ఎత్తిపొడిచింది. ఇంకో ఇంట్లో కుట్టుపని చేసుకునే బాలింత నాకు కుర్చీ వేసి మరీ చెప్పింది. చంటిదానికి చన్నీళ్ళే అలవాటు చేశామండీ, చదువుకున్నవాళ్ళు పెట్టారంటే ఏదో మంచికే అయి ఉంటుందనుకున్నాం అంది. ఎత్తిపొడిచినావిడే నయం. చక్రం సరిచేసి వస్తాను. మర్నాటికి మళ్ళీ గంట వెనకబడుతుందని తెలిసే సరిచేసి వస్తాను.

అమ్మను పనిలోంచి తీసేశారు. కుడిచేతి మూడు వేళ్ళకు ఇక స్పర్శ రాదని, ఎడమచేతిదీ అంతంతమాత్రమేనని డాక్టరమ్మ చెప్పేసింది. ఇంత ఆలస్యం ఎందుకు చేశారు, ఇంట్లో చదువుకున్నవాళ్ళు లేరా అని అడిగింది. ఉన్నానని చెప్పాను.

ఇంటికి మటుకు బ్యాటరీ టైమర్ తెచ్చి బిగించాను. ఇప్పుడు కోత ఉన్నా చక్రం ఆగదు, నీళ్ళు వేళకు కాగుతున్నాయి. ఒంటిగంటన్నర కాగానే అమ్మ అలవాటుగా బేసిన్ ముందు కూర్చుని చేతులు పెడుతుంది. కాసేపయ్యాక, వేడిగానే ఉన్నాయా, నువ్వోసారి చెయ్యి పెట్టి చెప్పవే అంటుంది. ఉన్నాయమ్మా అంటాను.

క్షమించమని అడగడానికి రాయలేదు. ఆ రోజు నువ్వు అడిగిన ప్రశ్న సరైనదేనని ఎవరో ఒకరు నీకు రాతపూర్వకంగా చెప్పాలి. మీ నాన్నగారికి నా నమస్కారాలు.

ఇట్లు,
ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వినది

తా.క. ఏమీ తెలియనిదానికి చెప్పినట్టు పైనంతా రాశాను. సగం నీకు తెలుసని నాకు తెలుసు. పాత టైమర్ విప్పినప్పుడు మూత లోపల పెన్సిల్ బాణం కనిపించింది, తోక మీద రెండు అడ్డగీతలతో. అలా గీసేది క్లాసులో నువ్వొక్కదానివే. అమ్మను అడిగితే తల దించుకుంది. తనిఖీకి ముందురోజు మీ దుకాణానికి నడిచి వచ్చిందట, నీళ్ళు వేళకు కాగడం లేదు, మా పిల్ల ఉద్యోగం పోతుంది అని. నువ్వొచ్చి, మర్నాటి కోత కూడా లెక్కేసి చక్రాన్ని అసలు వేళ కంటే గంట ముందుకు తిప్పి పెట్టావట. నేనొచ్చినట్టు చెప్పకండి అత్తా, దానికి రోషం ఎక్కువ, బ్యాటరీ ఉన్నది పెట్టమని మాత్రం మీరే చెప్పండి అన్నావట. అమ్మ చెప్పలేదు. నువ్వు చదివింది తప్పని చదువురాని నేనెలా చెప్పను అని నాతో అంటోంది. మీ ఇద్దరి దయ వల్లే నాకు ఉద్యోగం వచ్చింది. ఆ ముప్పై ఏడు ఇళ్ళూ వచ్చాయి. నీ మీద కోపం లేదు. ఇంకెవరి అమ్మయినా మీ దుకాణానికి వచ్చి ఇలా అడిగితే మాత్రం, ఆ కూతురికి చెప్పు మేస్త్రీ. అలిగినా సరే, చెప్పు.