అలసటకీ అలసత్వానికీ మధ్య ఒక రిజర్వు పైలట్

ఫ్లైట్ ఆపరేషన్స్ మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: విమానము నడపలేనని చెప్పి దిగిపోయినందుకు నాకు జారీ అయిన మెమోలో "అలసత్వము" అను పదము తొలగించి "అలసట" అని దిద్దుట గురించి, మరియు సదరు అలసటకు మూలమైన నిబంధన మార్చుట గురించి.

తమ కంపెనీలో కో-పైలట్‌గా, అందులో అధికభాగము మా ఇంటి సోఫాలో పనిచేయుచున్న నేను వినయముతో మనవి చేసుకొనునది:

1. నేను రిజర్వు పైలట్‌ను. అనగా, ఎవరికైనా జ్వరం వచ్చినా, ముందు సిబ్బంది పనిగంటలు నిండిపోయినా, వారి బదులు ఎక్కడానికి ఇంట్లో సిద్ధంగా కూర్చునేవాడిని. ఆటలో అరటిపండును. లెక్కలో ఉండను గానీ, ఒకడు పడిపోతే ఆట మొత్తం నా నెత్తినే.

2. ఒప్పందం ప్రకారము రిజర్వు వేళల్లో ఫోను మోగిన వెంటనే ఎత్తవలెను; గంటన్నరలో విమానాశ్రయములో హాజరు కావలెను. కావున స్నానానికి ఫోనుతోనే వెళ్ళుచున్నాను. మా మరదలి పెళ్ళికి యూనిఫారంలో హాజరైతిని. ఫోటోల్లో పెళ్ళికొడుకుకి కాపలా వచ్చినవాడిలా ఉన్నానని మా ఆవిడ అభిప్రాయము. మా అత్తగారు నాకు వినపడేలా కూతురితో అన్నది: "అల్లుడు పైలటంటే ఊళ్ళు తిరుగుతాడనుకున్నానే. ఈయన సోఫాకి అతుక్కుపోయాడు."

3. ఇంట్లో మేలుకుని కూర్చున్న గంటలు పనిగంటలు కావని నిబంధన. విమానాశ్రయంలో అడుగుపెట్టినప్పుడే గడియారం మొదలగును. రిజర్వు ముగిసే ముందు పిలిచినా నేను అప్పుడే నిద్రలేచిన వాడితో సమానము. ఈ సంగతి ఆఫీసు గడియారానికి తెలుసు. నా కనురెప్పలకు ఎవరూ చెప్పలేదు.

4. పూర్వము నా వంటి అరటిపండ్లు ఒక గెల ఉండేవి. సర్వీసులు పెరిగినవి, ఖాళీలు నింపలేదు. రిజర్వులో ఉన్నవారినే రోజువారీ విమానాలకు సర్దుచున్నారు. కాగితం మీద సిబ్బంది సరిపోయారు. ఎందుకంటే ప్రతి కాగితం మీదా నేనే ఉన్నాను.

5. సంఘటన జరిగిన దినమున తెల్లవారకముందే లేచి కూర్చుంటిని. మధ్యాహ్నము దాటినా పిలుపు లేదు. పడుకోవచ్చును కదా అని తమరు అడగవచ్చు. ఫోను తలకింద పెట్టుకుని పడుకున్నాను. పక్కింటి కుక్కరు కూస్తే లేచి "బయల్దేరుతున్నానండీ" అన్నాను. కుక్కరు ఏమీ అనలేదు. మా అత్తగారు అన్నది.

ఇక రిజర్వు అయిపోయినట్టేనని షూ విప్పుతుండగా, డ్యూటీలు వేసే రోస్టరు అమ్మాయి ఫోను చేసింది.

"సార్, సాయంత్రం ఫ్లైటు. వెళ్ళి వచ్చెయ్యడమే."

"తెల్లారకముందు నుంచీ మేలుకునే ఉన్నానమ్మా. ఇంకెవరూ లేరా?"

"మీ ఒక్కరే మిగిలారు సార్."

ఆ పిల్ల గొంతులో ఏడుపు ఒక్కటే తక్కువ. సరేనన్నాను. మొహమాటానికి పోతే ఏమవుతుందో ఒక సామెత కలదు. అర్జీలో రాయదగినది కాదు.

6. విమానంలో కూర్చుంటిమి. బయట వాన. కెప్టెన్ గారు విమానం బరువు చదవమంటే తప్పు చదివితిని. దిద్దారు. దిద్దినదాన్ని కూడా తప్పే చదివితిని.

"ఏమైందయ్యా?"

"ఏం లేదు సార్."

తరువాత చేయవలసిన పనులు వరుసగా చదువుతూ, అయిపోయిన వరుసనే మళ్ళీ మొదలుపెట్టానట. మొదలుపెట్టినట్టు నాకు తెలియదు. ఆయన చెయ్యి పట్టుకుని ఆపితే తెలిసింది. అయ్యా, అప్పుడు భయం వేసింది. నిద్ర వచ్చినందుకు కాదు, వచ్చిందని నాకే తెలియనందుకు. నా వెనుక విమానం నిండా జనం బెల్టులు పెట్టుకుని కూర్చున్నారు, నన్ను నమ్ముకుని.

"సార్, నేను నడపలేను" అన్నాను.

కెప్టెన్ గారు బెల్టు విప్పుకుంటూ, "నేల మీదే చెప్పావు, బతికించావు" అన్నారు.

7. నా బదులు రావడానికి వేరే రిజర్వు లేడు. విమానం మర్నాటికి వాయిదా పడినది. ప్రయాణికులను దింపి మళ్ళీ హాలులో కూర్చోబెట్టారు. నేను ఆ హాలులోంచే బయటికి రావలసి వచ్చింది. చేతిలో ఆస్పత్రి కవరుతో ఒక కుర్రాడు అడ్డం వచ్చాడు.

"మీరేనా పైలటు? ఒంట్లో బాలేదా?"

"బాగానే ఉంది. నిద్ర... ఆగట్లేదు."

"నిద్రా! మా నాన్న ఐసీయూలో ఉన్నాడండీ. మీ నిద్ర తీరేదాకా నేనిక్కడ కూర్చోవాలా?"

వెనకనుంచి ఒక పెద్దావిడ, "పోనీలే బాబూ, గాల్లో కునుకు తీసేకంటే నేల మీద తియ్యడం నయం కాదూ" అన్నది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఆ కుర్రాడు నవ్వలేదు. అతను వేళకు చేరాడో లేదో నాకు తెలియదు. కనుక్కునే ధైర్యం లేదు. ఈ అర్జీలో మిగతా వాటికి తమరు నవ్వుకోవచ్చును. దీనికి వద్దు.

8. మూడవ దినమున మెమో అందినది. "విధుల పట్ల అలసత్వము." టైపు చేసినవారు తొందరలో రెండక్షరాలు తప్పు కొట్టారేమోనని మొదట ఆశపడితిని. అలసత్వమే అయితే పిలుపుకే వెళ్ళకుండా సోఫాలో ఉండిపోయేవాడిని. ఆ పనిలో నాకు విశేష అనుభవము కలదు.

కావున తమరు దయతలచి, ఇంట్లో కాపలా కాసిన గంటల్లో కనీసం సగమైనా పనిగా లెక్కించవలెననియు, రిజర్వు వెనక ఇంకొక రిజర్వును ఉంచవలెననియు ప్రార్థన. రోస్టరు అమ్మాయిని ఏమీ అనవద్దు. "సార్ గొంతు వినగానే తెలిసింది, కానీ పంపడానికి ఇంకో మనిషి లేడు" అని తనను విచారించినప్పుడు తనే చెప్పింది. ఉద్యోగం పోతుందని తెలిసీ చెప్పింది. శిక్ష తప్పదంటే నాకే వేయండి; ఆ పదం మాత్రం దిద్దండి.

ఇందలి తప్పొప్పులు మన్నించి చిత్తగించవలెను.

తమ విధేయుడు,
మేలుకునియున్న వాడు,
కో-పైలట్ (రిజర్వు)

తా.క.: అన్నా, ఈ కింది ముక్క ఫైల్లో పెట్టకు. మెమో మీద సంతకం నీదే గానీ భాష నీది కాదని నాకు తెలుసు. నాకు మొదటిసారి విమానం దింపడం నేర్పింది నువ్వు. ఆ రోజుల్లో ఒక వేసవి, వరసగా డ్యూటీలు పడి, గాల్లో ఉండగా నువ్వే అన్నావు: "తమ్ముడూ, కళ్ళు మూసుకుపోతున్నాయిరా, ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండు." దిగేదాకా నోటికొచ్చిందల్లా వాగాను. ఆ మాట అర్జీలో రాయలేదు. రాయను కూడా. ఎవరు అడిగినా చెప్పను. సోమవారం నా విచారణకి వస్తున్నాను. అందరి ముందూ నిన్ను "సార్" అనే అంటాను. నువ్వు మాత్రం నన్ను నిలబెట్టి అడక్కు. ఒక కుర్చీ చూపించు.